కోజి గదిలో రెండు రాత్రులు

"మళ్ళీ చెప్పు," అంది కినుయే.

కోడలు మిహోకో ఒళ్ళోకే చూస్తూ కూచుంది. ఒళ్ళో సుజు పాలు తాగుతోంది. ఐదు నెలలు నిండీ నిండని పిల్ల. తల్లి స్వెట్టరు అంచు పిడికిట బిగించి, ఎవరో లాగేసుకుంటారన్నట్టు గుక్క తిప్పుకోకుండా తాగుతోంది.

"నీతోనే మాట్లాడుతున్నా. ఆరోగ్య కార్యాలయం నర్సు ఎదురుగా కూచున్నాక నీళ్ళు నమిలావంటే కొంప మునుగుతుంది. మీ మామగారు ఆఖరుసారి ఇంటికి ఎప్పుడొచ్చారు?"

"కోతలవగానే బట్టీకి వెళ్ళారు. మళ్ళీ రాలేదు."

"అది నిజమే కదా. నిజానికి కూడా ఏడుపు మొహమెందుకు? పాపని ఎప్పుడు చూశారు?"

"పుట్టినప్పుడు ఆసుపత్రిలో. అద్దం అవతల నుంచి. నేను పుట్టింటి నుంచి వచ్చేసరికే ఆయన బట్టీలో ఉన్నారు."

"తర్వాత?"

మిహోకో పాప నెత్తిమీద జుట్టు సవరించింది. సవరించడానికి అక్కడ పెద్దగా జుట్టు లేదు.

"తర్వాత చూడలేదు," అని అత్తగారే పూర్తిచేసింది. "ఈ ముక్క అనడానికి నీకు నోరు పెగలదా?"

"అత్తయ్యా, అది అబద్ధం."

"అబద్ధమే. కాదన్నానా? ఈ ఇంట్లో నిజాలు తిని ఎవరూ బతకలేదు. మీ మామగారి పేరు తిని బతికాం."

కినుయే లేచి కిటికీ తెర జరిపి వీధిలోకి చూసింది. మంచు నడుమెత్తు పేరుకుని ఉంది. నర్సు కారు ఇంకా రాలేదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద మరుగుతున్న గిన్నె మూత తీసింది. లోపల భర్త సెయికిచి అన్నం గిన్నె, చాప్‌స్టిక్‌లు. ఆయన జబ్బు బయటపడిన దగ్గర్నుంచి ఆవిడ వాటిని రోజూ ఉడకబెడుతోంది. కోతల తర్వాత ఆయన ఆ గిన్నెలో ఒక్క మెతుకు తిన్నది లేదు. ఆయన పరుపు పెరట్లో మంచులో పారేసింది. ఆయన తాకనివన్నీ కడిగింది. ఆయన ఎత్తుకున్న పిల్లని మాత్రం చూడనట్టు ఉంది.

సెయికిచి బియ్యం పులియబెట్టి సాకే మద్యం చేసే హొరికోషి వారి బట్టీలో పెద్ద మేస్త్రి. ఇప్పుడు జిల్లా పట్నంలో, రెండు తలుపుల వెనక, ఊపిరితిత్తుల వార్డులో పడుకుని ఉన్నాడు. క్షయ. ఆ ఊళ్ళో ఈ మాట విని ఒక తరం దాటింది. అందుకే డాక్టరు కూడా కోతల నాటి నుంచి దగ్గుమందే రాసిచ్చాడు. బియ్యం ఆవిరి పడటంలేదని మనిషీ అనుకున్నాడు, డాక్టరూ అనుకున్నాడు. లేదనుకున్న జబ్బుని ఎవరు వెతుకుతారు? చిన్నప్పుడెప్పుడో ఆయన ఛాతీలోకి దూరిన క్రిమి అరవై ఏళ్ళు పడుకుని, ముసలితనంలో లేచింది. లేచి నాలుగు నెలలపాటు బట్టీ అంతా తిరిగింది.

చలికాలమంతా మేస్త్రీ, పనివాళ్ళూ బట్టీలోనే పడుకుంటారు. ఆఖరి పీపా వడకట్టేదాకా ఇంటి గడప తొక్కరు. కొత్త సంవత్సరానికి కూడా రారు. కాబట్టి ఇంట్లోవాళ్ళకి ప్రమాదం తక్కువని నర్సు లెక్క. ఎవరైనా అలాగే లెక్కేస్తారు.

జనవరిలో మంచుకి కరెంటు పోయిన ఆ రెండు రాత్రుల సంగతి తెలియనంతవరకూ.

"ఆ రోజుల్లో నేను ఇంట్లో ఉండుంటే," అంది కినుయే, గిన్నె మీద మూత పెడుతూ, "నిన్ను ఆ గడప దాటనిచ్చేదాన్ని కాదు."

"మీరు కొండవతల మీ పినతల్లి కూతురింట్లో చిక్కుకుపోయారు. హీటరు ఆగిపోయింది. పాప పెదాలు నీలంగా తిరిగాయి. నేనేం చెయ్యాలి?"

"దుప్పట్లు లేవా?"

"ఉన్న దుప్పట్లన్నీ కప్పాను. ఇంట్లో నీళ్ళ బకెట్టు గడ్డకట్టింది, అత్తయ్యా."

"అయితే మాత్రం ఆడవాళ్ళు అడుగుపెట్టకూడని కోజి గదిలోకా? ఆడదానివి, పాలు కారే పిల్లనేసుకుని?"

మిహోకో పాపని ఇంకో రొమ్ముకి మార్చుకుంది. అనాల్సింది ఆ రాత్రే మామగారు అనేశాడు. బట్టీ తలుపు దగ్గర మంచులో కోడలు నిలబడి ఉంటే, ఆయన చూసి, దగ్గి, "నియమం నాకూ తెలుసు, లోపలికి రా" అన్నాడు. సాకే కోసం బియ్యానికి కోజి అనే బూజు పట్టించే ఆ గదికి ఊకతో నింపిన గోడలు. బూజు పట్టే బియ్యం తన వేడి తనే పుట్టించుకుంటుంది, కరెంటుతో పనిలేదు. ఊరంతా వణుకుతుంటే అక్కడ చెమటలు. ఆయన చొక్కా విప్పేసి పిల్లని రొమ్ముకి ఆనించుకుని కూచున్నాడు. తలుపు తీస్తే వేడి పోతుందని గట్టిగా బిడాయించారు. రెండు రాత్రులూ కొడుకు షుంపేని తప్ప ఇంకెవర్నీ ఆయన లోపలికి రానివ్వలేదు, నిద్రపోలేదు. దగ్గొచ్చినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పక్కకి అంటే ఎంత పక్కకి? ఆ గది అంతా కలిపి నాలుగు చాపల వెడల్పు.

బయట కారు ఆగిన చప్పుడైంది.

"పాలు చాలించి బొత్తాలు పెట్టుకో," అంది కినుయే.

*

నర్సు ఇసోబే బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చి, మోకాళ్ళ మీద కూచుని, టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంది. చలికి వేళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పెద్దమ్మగారూ, ముందు మంచి మాట చెప్తాను. పెద్దాయనకి మందులు పనిచేస్తున్నాయి. దగ్గు తగ్గింది. ఆసుపత్రి తిండి బాలేదని పోట్లాడుతున్నారట."

"పోట్లాడుతున్నారంటే బాగున్నట్టే," అంది కినుయే. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి మిహోకోకి భయమేసింది. ఇంత చక్కగా నవ్వగల మనిషి ఇంకేమైనా చెయ్యగలదు.

"బట్టీలో ముగ్గురికి రక్తపరీక్షలో తేలింది. మీ అబ్బాయి షుంపే గారికి కూడా. అది జబ్బు కాదండీ. క్రిమి లోపల ఉంది, నిద్రపోతోంది, అంతే. వాళ్ళ వల్ల ఇంకొకళ్ళకి అంటుకోదు. పని మానక్కర్లేదు. అది మేలుకోకుండా కొన్ని నెలలు మాత్రలు మింగాలి. బట్టీ షావుకారు గారికీ ఇదే చెప్పాను. ఆయనకి వినబడింది గానీ ఎక్కినట్టు లేదు."

"ఏమన్నారు?"

"బట్టీ పేరు పేపర్లో వస్తుందా అని అడిగారు. నాలుగుసార్లు."

ఆ తర్వాత ఇసోబే అసలు సంగతికి వచ్చింది. పెద్దాయన ఇంటికి ఎప్పుడొచ్చారు, ఎవరెవరు కలిశారు, పాపని ఎత్తుకున్నారా. కినుయే ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. తడబాటు లేదు. పప్పు ఏరినంత తీరిగ్గా చెప్పింది.

"పాపని ఆసుపత్రి అద్దంలోంచి చూడటమే. బట్టీలో ఉన్న మనిషి రాకూడదు కదండీ. మా ఇంట్లో ఆ నియమం చాలా గట్టిగా ఉంటుంది. చలికాలం పులిసిన సోయా నత్తో ఒక్క గింజ కూడా ఇంట్లోకి రానివ్వం. దాని క్రిమి కోజిని చంపేస్తుందని."

"నాకు తెలుసండీ. మా తాతది కూడా బట్టీ ఊరే," అంది ఇసోబే. భుజాలు సడలాయి. "చెప్పాలంటే పాలు తాగే పిల్ల ఉందని విన్నప్పట్నుంచి నాకు ఇదే బెంగ. గండం తప్పింది."

మిహోకో నోటినుంచి మాట తనకు తెలియకుండానే వచ్చింది.

"పిల్లలకి... వేరుగా ఉంటుందా అండీ?"

కినుయే కప్పు కింద పెట్టింది. చిన్న చప్పుడే.

"పెద్దవాళ్ళలో ఆ క్రిమి పడుకుంటుందమ్మా. చాలామందిలో చచ్చేదాకా పడుకునే ఉంటుంది. చంటిపిల్లల ఒంట్లో దానికి పడుకోవడం తెలీదు. వారాల్లో రక్తంలో పడుతుంది, మెదడు పొరల్లోకి పోతుంది. మొదట్లో ఏమీ కనబడదు. పాలు కాస్త తగ్గిస్తుంది. కాస్త పేచీ పెడుతుంది. పళ్ళొస్తున్నాయేమో అనుకుంటాం."

"ముందే తెలిస్తే?"

"ముందే తెలిస్తే మన చేతిలో ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని చూసుకుని, పొడి మందు మొదలుపెట్టేస్తాం. పరీక్షలో ఏమీ తేలకపోయినా పెడతాం. చంటిపిల్లల దగ్గర ఆగి చూడటమనేది లేదు." ఇసోబే వంగి సుజు బుగ్గ మీద వేలితో తట్టింది. "ఈ బంగారానికి ఆ గొడవ లేదుగా. రేపే కదా ఐదో నెల బీసీజీ టీకా ముద్ర? నేనూ ఉంటాను అక్కడ. తీసుకురండి."

సుజు ఆవిడ వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఇసోబే నవ్వుతూ లాక్కుంది.

మిహోకో గొంతులో మాట ఉంది. అక్కడే ఉంది. నాలుక మీదికొచ్చి ఆగింది. అత్తగారు ఆమె వైపు చూడలేదు, కళ్ళెర్ర చెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తలొంచుకుని కూచుంది. ఆ వొంగిన మెడ చూస్తే చాలు. నలభై ఏళ్ళుగా హొరికోషి షావుకారు ముందు, షావుకారు పెళ్ళాం ముందు, చివరికి వాళ్ళ కుక్క ముందు వొంగిన మెడ అది.

నర్సు కారు మంచులో చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయింది.

*

"విన్నారు కదా," అంది మిహోకో.

"విన్నాను."

"వారాల్లో అంది. ఆ రాత్రులై నెల దాటింది."

"రేపు ముద్ర పడుతుంది. తొమ్మిది సూదుల ముద్ర, రెండుసార్లు. ఈ దేశంలో పిల్లలందరికీ అదే కదా కాపలా? దాంతో సరి. నీకు భయం ఎక్కువైంది."

"లోపలికొచ్చేసిన దానికి అది కాపలా ఏం కాస్తుంది?"

"వచ్చిందని నీకెవరు చెప్పారు?" కినుయే మొదటిసారి గొంతు పెంచింది. "ఆ గది ఎలాంటిదో తెలుసా నీకు? మీ మామగారు పొద్దుటా సాయంత్రం మరిగిన నీళ్ళతో కడుగుతారు. లోపలికి పోయేముందు గోళ్ళు చూసుకుంటారు. నత్తో తిన్న మనిషిని వారం దాకా గుమ్మం ఎక్కనివ్వరు. ఈ ఊళ్ళో ఆపరేషన్ గది కూడా అంత శుభ్రంగా ఉండదు. కోజి ఉన్నచోట ఇంకో క్రిమి బతకదు. మా మామగారూ అన్నారు, మీ మామగారూ అన్నారు ఈ మాట. నర్సుకేం తెలుసు?"

ఇదీ వాళ్ళ మూర్ఖత్వం. మూర్ఖులు కారు, అదే బాధ. కంటికి కనబడని క్రిములతో తరతరాలుగా కాపురం చేసినవాళ్ళు. ఏది బియ్యాన్ని తియ్యగా మారుస్తుందో, ఏది పీపాని పులగొడుతుందో వాసనతో చెప్పేస్తారు. అంత తెలుసు గనక ఇదీ తెలుసనుకున్నారు. బియ్యానికి శుభ్రమైన గది మనిషికీ శుభ్రమే అనుకున్నారు. నర్సు అడిగినప్పుడు బట్టీ పనివాళ్ళు కూడా భోజనాల గది చెప్పారు, పడకలు చెప్పారు, స్నానాల తొట్టి చెప్పారు. కోజి గది మాట ఒక్కడూ ఎత్తలేదు. దాచాలని కాదు. ఆ గదిని జబ్బుతో కలిపి తలుచుకోవడమే వాళ్ళకి చేతకాలేదు.

"సరే అత్తయ్యా, క్రిమి లేదనుకుందాం. అయితే నర్సుకి చెప్పడానికి భయమెందుకు?"

కినుయే పొయ్యి దగ్గరికి వెళ్ళింది. మరిగే గిన్నె పొయ్యి మీంచి దించింది. గోడతో అన్నట్టు అంది.

"మా అక్కకి ఇదే జబ్బు. నాకప్పుడు ఏడేళ్ళు. శానిటోరియంకి తీసుకుపోయారు, తిరిగి రాలేదు. మా ఇంటి ముందు నుంచి జనం ఊపిరి బిగబట్టి పరిగెత్తేవాళ్ళు. బడి పిల్లలు, మాస్టారు, పోస్టు మనిషి, అందరూ. మా అమ్మ వాకిలి ఊడుస్తూ ఉంటే, ఆవిడ ఎదురుగానే ముక్కులు మూసుకునేవాళ్ళు. నాకు సంబంధాలు రాలేదు. మీ మామగారు తెలిసే చేసుకున్నారు. ఊపిరితిత్తుల వంశం దాన్ని తెచ్చుకున్నాడని ఆయన్ని అన్నవాళ్ళు ఇంకా ఉన్నారు ఈ ఊళ్ళో. సుజు కూడా ఆ మాట పడాలా?"

మిహోకోకి ఈ అక్క సంగతి తెలియదు. పెళ్ళయిన పదేళ్ళలో ఇంట్లో ఆ పేరు వినలేదు, ఫొటో చూడలేదు. ఇద్దరి మధ్యా సుజు చిన్నగా మూలిగింది. పాలిస్తే తల తిప్పుకుంది.

*

ఆ సాయంత్రమే మిహోకో బట్టీకి నడిచింది. పిల్లని అత్తగారి దగ్గర వదల్లేదు, వీపుకి కట్టుకుంది. బియ్యం కడిగే దొడ్డి దాకా ఆడవాళ్ళు రావచ్చు. అక్కడ నిలబడి కబురంపింది.

షుంపే చొక్కా లేకుండా, మెడలో తువ్వాలుతో వచ్చాడు. ఒంటినుంచి ఆవిరి లేస్తోంది. కోజి గది లోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు.

"చలిలో పాపనెందుకు తెచ్చావు?"

"నర్సుకి చెప్పేద్దామండీ."

అతను వెనక్కి చూశాడు. ఆవరణలో ఎవరూ లేరు.

"అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఇక్కడికొస్తావనీ చెప్పింది."

"అయితే తేలికైంది. చెప్పేద్దాం."

"మిహోకో, ఆ రెండు రాత్రులూ గదిలో ఉన్నది ఏ కోజో తెలుసు కదా. పోటీకి పంపే పీపాది. ఇంకో నెలలో వడకడతాం. నాన్న లేకుండా నేను దించే మొదటి పీపా. అది నిలబడితే పెద్ద మేస్త్రి చోటు నాది. ఆడమనిషీ, చంటిపిల్లా ఆ కోజి పక్కన పడుకున్నారని షావుకారుకి తెలిస్తే పీపాని కాలవలో పోయిస్తాడు. నన్నూ దాంతోపాటు."

"నెల ఆగమంటారా?"

"ఆగమనే అంటున్నా. నాకూ ఉందన్నారుగా క్రిమి. మాత్రలు మింగుతున్నా. చుక్క లోపలికి పోనివ్వకుండా రుచి చూసి ఉమ్మేస్తున్నా, ఆ మాత్రల మీద సాకే కాలేయానికి పడదన్నారని. చచ్చానా?"

"మీరు నలభై ఏళ్ళ దున్నపోతు. అది ఐదు నెలల పిల్ల."

"మాటలు చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నా, పొద్దుటి నుంచి అదే పని. ఒక్కటి చెప్పండి. మీ షావుకారు మనవరాలికి ఇలా అయితే గది నియమాలు గుర్తొచ్చేవా ఎవరికైనా? హెలికాప్టరు దిగేది. మన పిల్లకి మాత్రం పీపా వడకట్టేదాకా ఆగాలి."

"షావుకారు లేకపోతే మనం తినేదేంటి?"

"నువ్వు లేకపోతే అతను అమ్మేదేంటి?"

పదేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరికీ వినబడింది. షుంపే తువ్వాలు భుజం మీదికి లాక్కున్నాడు. చలి ఇప్పుడే తెలిసినట్టు వణికాడు. దగ్గరికొచ్చి పిల్ల నుదురు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

"వెచ్చగా ఉందా?" అన్నాడు.

"నీ చెయ్యి వేడిగా ఉంది. నాకు తెలియట్లేదు."

"పాలు తాగుతోందా?"

"మధ్యాహ్నం నుంచి తల తిప్పుకుంటోంది."

షుంపే ఏదో అనబోయాడు. లోపలినుంచి ఎవరో పిలిచారు, బియ్యం తిరగెయ్యాల్సిన వేళ అయిందని. అతను వెనక్కి చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. మళ్ళీ పిలిచారు.

"రేపు అమ్మని వెంట తీసుకెళ్ళు," అన్నాడు చివరికి. అని లోపలికి పోయాడు.

చెప్పమన్నాడా, వద్దన్నాడా? ఇంటికి నడిచినంతసేపూ మిహోకో ఆ మాట అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ వైపునించి చూసినా అందులో మొగవాడు తప్పుకోవడమే కనిపించింది.

*

ఊరి ఆసుపత్రిలో పిల్లల విభాగం ముందు తల్లులు వరసగా కూచున్నారు. ఊళ్ళో పిల్లలే తక్కువ, ఐదుగురున్నారు. ఇసోబే ఒక్కొక్క పిల్లనీ తూకం వేస్తోంది. సుజుని పళ్ళెంలో పెట్టి, అంకె చూసి, మళ్ళీ తీసి పెట్టి చూసింది.

"పోయిన నెల ఎంతుందో అంతే ఉందే," అంది. "పాలు సరిగ్గా తాగుతోందా?"

"నిన్నటి నుంచి కాస్త పేచీ," అంది కినుయే వెంటనే. "పళ్ళు."

ఇసోబే ఒక్క క్షణం ఆగి, తర్వాతి పిల్ల వైపు తిరిగింది.

లోపల డాక్టరు ముసలాయన. తల్లులందరికీ చిన్నప్పుడు తనే సూదులు పొడిచినవాడు. సుజు చొక్కా చెయ్యి పైకి లాగించాడు. దూదితో రుద్దాడు. తెల్లటి, మెత్తటి చెయ్యి. పక్కన పళ్ళెంలో ముద్ర సూది సిద్ధంగా ఉంది. అందర్నీ అడిగినట్టే, మొహం ఎత్తకుండా అడిగాడు.

"ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ క్షయ ఉన్నవాళ్ళ దగ్గర పిల్ల మసిలిందా?"

"లేదండీ," అంది కినుయే. "ఆయన బట్టీలోనే ఉండేవారు. పిల్లని తాకలేదు."

డాక్టరు తలూపాడు. సూది అందుకున్నాడు.

మిహోకో పిల్ల చెయ్యి వెనక్కి లాగేసింది.

గట్టిగానే లాగినట్టుంది, సుజు ఏడుపు ఎత్తుకుంది. డాక్టరు సూది గాలిలోనే ఆగింది.

"తాకారు," అంది మిహోకో. "రెండు రాత్రులు. రొమ్ము మీదే పడుకోబెట్టుకున్నారు. అప్పటికే బాగా దగ్గుతున్నారు."

తలుపు తెరిచే ఉంది. బయట కుర్చీలు జరిగిన చప్పుడైంది. ఒక తల్లి లేచింది, ఇంకొకామె లేచింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. పిల్లల్ని గుండెకి అదుముకుని గోడవారగా జరిగారు, ఊపిరి కూడా అదుముకుని. మిహోకో అత్తగారి వైపు చూసింది. కినుయే ఆ గోడవారగా నిలబడ్డ వాళ్ళనే చూస్తోంది. ఆవిడ మొహంలో రక్తం లేదు. ఏడేళ్ళ పిల్ల మొహం అది.

ఇసోబే వచ్చి తలుపు మూసేసింది.

"ఎక్కడ?" అంది. కోపం లేదు గొంతులో. కోపమే నయం.

"కోజి గదిలో."

"తలుపు?"

"బిడాయించాం. వేడి పోతుందని."

"ఆ గది చాలా శుభ్రం," అంది కినుయే. "మీకు తెలుసు కదా, మీ తాతదీ బట్టీ ఊరే కదా. చెప్పండి డాక్టరుగారికి. అక్కడ క్రిమి బతకదని చెప్పండి."

ఇసోబే ఆవిడ మోచెయ్యి పట్టుకుంది.

"బియ్యానికి శుభ్రమే పెద్దమ్మగారూ. కానీ గాలి కదలని గది, వెచ్చని గది, మూసిన తలుపు, దగ్గే మనిషి. జబ్బు అంటుకోవడానికి అంతకన్న చెడ్డ చోటు మీరు వెతికినా దొరకదు. నేనే అడగాల్సింది. నాకూ ఆ గది గుర్తు రాలేదు."

డాక్టరు సూది మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు.

"ఈ ముద్ర ఇప్పుడు వెయ్యను. లోపల క్రిమి ఉంటే ఇది కాపాడదు, పుండై కూచుంటుంది. ముందు ఎక్స్‌రే. తల్లికీ తియ్యాలి, రక్తమూ చూడాలి. పాలు మాత్రం మానకమ్మా. పాలల్లోంచి రాదు ఇది." ఆగి, కళ్ళజోడు తీసి, కినుయే వైపు చూశాడు. "కోతలప్పుడు దగ్గుమందు రాసిచ్చింది నేనే. మీ ఇళ్ళల్లో క్షయ ఉండేదా అని నేను అడగలేదు, మీరు చెప్పలేదు. దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం. పదండి."

*

ఎక్స్‌రే గది చల్లగా ఉంది. సుజుని బల్ల మీద పడుకోబెట్టి మిహోకో రెండు చేతులూ తలకిరువైపులా పట్టుకుంది. సాంకేతికుడు కుర్రాడు కాదు, నెమ్మదైన మనిషి, పని తొందరగా కానిచ్చాడు. మొదటి బొమ్మ తెర మీదికొచ్చింది. డాక్టరు వంగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. బొమ్మలో గుండె పక్కన ఒకచోట వేలు పెట్టి, వేలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"ఏమైంది డాక్టరుగారూ?"

ఆయన ఆమెకి జవాబు చెప్పలేదు. సాంకేతికుడితో అన్నాడు.

"ఇంకొకటి తీద్దాం. ఈసారి పక్కనుంచి."

పక్కనుంచి తియ్యాలంటే పిల్లని పక్కకి తిప్పి పట్టుకోవాలి. చేతులొకరు, కాళ్ళొకరు. సాంకేతికుడు గోడకి వేలాడే సీసపు కోటు చూపించి, "ఇంకో మనిషి కావాలి" అన్నాడు.

గుమ్మంలో నిలబడిన కినుయే లోపలికి అడుగు పెట్టింది. కోటు అందుకుంది. అది బరువు. భుజాల మీద పడగానే ముందుకి తూలింది. నిలదొక్కుకుని బల్ల దగ్గరికొచ్చి మనవరాలి కాళ్ళు పట్టుకుంది.

సుజు గుక్కపట్టింది. మొహం ఎర్రబారి, అరిచి, అరిచి, గిలగిల్లాడింది. మిహోకో నోటినుంచి జోకొట్టే చప్పుడు దానంతటదే వచ్చింది.

"ఊరుకోబెట్టకండి," అన్నాడు సాంకేతికుడు అద్దం వెనక నుంచి. "ఏడవనివ్వండి. ఏడ్చినప్పుడే ఊపిరి నిండా తీసుకుంటుంది. అప్పుడే సరిగ్గా కనబడుతుంది."

మిహోకో నోరు మూసుకుంది. కినుయే వైపు చూసింది.

"గట్టిగా పట్టుకో," అంది కినుయే. "ఏడవనీ."

ఇద్దరు ఆడవాళ్ళూ ఆ పిల్లని కదలకుండా అదిమిపట్టి, ఓదార్చకుండా నిలబడ్డారు. సుజు ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.